విలేఖరుల సంఘ మెవరి కొఱకు?

పత్రికావృత్తిని క్రొత్తగా చేపట్టిన యువకునికి గాని యువతికి గాని తొలినాళ్ళయందే ఒక ప్రశ్న యెదురగుచున్నది. జిల్లా కేంద్రములోని జర్నలిస్టుల సంఘమువారు సభ్యత్వపు రసీదు పుస్తకముతో వత్తురు. చేరవలయునా, మానవలయునా? విలేఖరి యే పక్షమునకును చెందరాదు గదా, సంఘమునకు మాత్రమేల చెందవలయునని యొకరందురు. చేరినచో అక్రెడిటేషను కార్డు వచ్చును, బస్సులో రాయితీ వచ్చును, అదృష్టము బాగున్న ఇంటిస్థలము వచ్చునని మఱియొకరందురు. ఈ రెండు మాటలును త్రోవ తప్పించునవే యని మా యభిప్రాయము. తన నేలకును తన భాషకును చెందిన పత్రికారచయితల సంఘములో చేరుట ప్రతి విలేఖరికిని కర్తవ్యము. అయితే అది కార్డు కొఱకు కాదు. మఱి యెందు కొఱకో, ఎట్టి సంఘములోనో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఇది విలేఖరుల యింటి గొడవ, మాకేల యని చదువరులు దీనిని ప్రక్కకు నెట్టరాదు. కృష్ణా గోదావరీ డెల్టాలలోని రైతునకు ఒక సంగతి చెప్పనక్కఱలేదు. ప్రధాన కాలువ యెంత నిండుగా పాఱినను, తన చేనికి వచ్చు బోదె పూడియున్నచో మడికి నీరందదు. పత్రికయు నట్టిదే. హైదరాబాదునందో విజయవాడయందో కూర్చున్న సంపాదకుడు ఎంత నిర్భయుడైనను, మీ మండలములోని వార్తను మోసికొని రావలసినవాడు అచ్చటి విలేఖరియే. భూముల రికార్డులో దొర్లిన తప్పు, చౌకధరల దుకాణములోని తూకము, ఏటిలోని యిసుక త్రవ్వకము, ప్రభుత్వాసుపత్రిలో మందుల కొఱత, ఇవి యన్నియు అతని చేతి మీదుగానే అచ్చునకెక్కవలయును. ఆ చేయి కట్టువడియున్నచో మీ కష్టము లోకమునకు తెలియదు. కావున ఆ చేతికి బలమెక్కడినుండి వచ్చుననునది విలేఖరి ప్రశ్న మాత్రమే కాదు, మీ ప్రశ్నయు.

తెలుగుదేశమున పత్రికావృత్తి జీవనోపాధిగా పుట్టలేదు. 1902లో బందరున కృష్ణాపత్రిక వెలసెను. 1907 మొదలు 1945లో కన్నుమూయు వరకును ముట్నూరి కృష్ణారావుగారు దానికి సంపాదకులైయుండిరి. 1908లో బొంబాయినుండి వారపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రికను 1914లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు చెన్నపట్టణమున దినపత్రికగా నిలిపి, అమృతాంజన వ్యాపారమున ఆర్జించిన ధనమును దానిపై వెచ్చించిరి. 1926లో హైదరాబాదున సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించిరి. వీరిలో నెవరును జీతమును లెక్కించి కలము పట్టినవారు కారు.

ఆ కలములకు లభించిన ప్రతిఫలమెట్టిదో కూడ గుర్తుంచుకొనవలయును. విజయవాడనుండి వెలువడిన స్వరాజ్య పత్రికలోని వ్రాతకుగాను 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహాభియోగముపై చెఱసాలకు పోయిరి. నాడు ప్రయోగింపబడిన 124-ఏ సెక్షను స్వతంత్ర భారతమునను చిరకాలము జీవించి, 2022 మే 11న సుప్రీంకోర్టు ఉత్తరువుచే నిలుపుదలయైనది. 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో 152వ సెక్షను దాని స్థానమున నిలిచినది. హైదరాబాదు సంస్థానము భారత యూనియనులో చేరవలయునని వ్రాసినందుకు ఇమ్రోజ్ ఉర్దూ దినపత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ 1948 ఆగస్టు మాసమున హైదరాబాదు వీథిలో హంతకుల చేత ప్రాణములు కోల్పోయెను. అతడింకను ముప్పదియేండ్లు నిండనివాడు.

ఆనాటి రచయితకు వేఱుగా సంఘమక్కఱలేకపోయెను. స్వాతంత్ర్యోద్యమమే అతని సంఘము. సంపాదకుడు జైలునకు పోయినచో ఊరివారతని యింటిని కనిపెట్టియుండిరి, చందాదారులు పత్రికను నిలుపుటకు యత్నించిరి. యజమాని, రచయిత, చదువరి యను మువ్వురును ఒకే వ్రతమునందుండిరి. 1947 తరువాత ఈ స్థితి మాఱెను. వ్రతము నెఱవేఱినది, పత్రిక పరిశ్రమయైనది. పెద్ద యంత్రములు వచ్చెను, వానికి పెద్ద మూలధనము కావలసివచ్చెను. మూలధనము పెట్టినవాడు యజమాని, వార్త వ్రాయువాడు ఉద్యోగి. ఇందు నింద్యమైనదేదియు లేదు. కాని యజమానికి తన సంఘము ఏర్పడియుండగా, ఉద్యోగి మాత్రము పూర్వపు వ్రతమును తలచుకొని ఒంటరిగా నిలిచియుండుట న్యాయము కాదు. ఎల్లర కూలిరేట్ల గుఱించి వ్రాయు విలేఖరి తన కూలిని గుఱించి నోరు విప్పలేకపోవుట దీపము క్రింది చీకటి వంటిది.

ఈ సత్యమును తొలుత గుర్తించినవారిలో ఒక తెలుగువాడుండుట మనకు గర్వకారణము. 1950లో భారత వర్కింగ్ జర్నలిస్టుల ఫెడరేషను ఏర్పడినప్పుడు దానికి ప్రథమాధ్యక్షులు మానికొండ చలపతిరావుగారు. లక్నోనుండి వెలువడిన నేషనల్ హెరాల్డ్ పత్రికకు సంపాదకులైన వారు, సంపాదకపీఠమునుండి దిగకయే సబ్ ఎడిటరు పక్షమున నిలిచిరి. 1952లో జస్టిస్ రాజాధ్యక్ష అధ్యక్షతను నియమింపబడిన ప్రథమ ప్రెస్ కమిషనునందును వారు సభ్యులు. ఆ కమిషను 1954లో నివేదిక నొసగెను. మఱుసటి సంవత్సరమే, అనగా 1955లో, వర్కింగ్ జర్నలిస్టుల శాసనము వచ్చెను.

ఆ శాసనము చేసిన మేలు సామాన్యమైనది కాదు. నాలుగు వారములకు 144 గంటలకు మించి పని చేయింపరాదనెను. సంపాదకుని తొలగింపవలెనన్న ఆఱు నెలలు, తక్కినవారిని తొలగింపవలెనన్న మూడు నెలలు ముందుగా నోటీసు ఇయ్యవలెననెను. జీతములను నిర్ణయించుటకు బోర్డు నేర్పఱచెను. యజమానులు ఊరకుండలేదు. సుప్రీంకోర్టు 1958 మార్చి 19న శాసనమును ఒక చిన్న నిబంధన మినహా సమర్థించి, బోర్డు నిర్ణయమును మాత్రము, పత్రికల చెల్లింపు శక్తిని విచారింపలేదను కారణమున కొట్టివేసెను. అదే సంవత్సరము పార్లమెంటు మఱియొక శాసనము చేసి ఆ లోపమును పూరించెను. తరువాత పాలేకర్, బచావత్, మణిసానా, మజీఠియా బోర్డులు వరుసగా వచ్చెను. మజీఠియా బోర్డు సిఫారసులు 2011 నవంబరులో ప్రకటింపబడగా, వానిని సుప్రీంకోర్టు 2014 ఫిబ్రవరి 7న సమర్థించెను. ఈ అరువదేండ్ల చరిత్రలో ఒక్క మెట్టునైనను ఏ విలేఖరియు ఒంటరిగా ఎక్కలేదు. ఎవరికి వారే యమునాతీరే యని యుండినచో మొదటి మెట్టే లేకపోయెడిది.

అఖిలభారత సంఘమే యుండగా మఱల ప్రాంతీయ సంఘమేల యని ప్రశ్నింపవచ్చును. దీనికి సమాధానము మన చరిత్రలోనే కలదు. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఉర్దూ, మరాఠీ ఉపన్యాసములు సాగగా, ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడుటకు లేచినంతనే సభలో అల్లరి చెలరేగెను. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. అదియే పెరిగి 1930లో జోగిపేటలో ప్రథమాంధ్రమహాసభగా పరిణమింపగా, పత్రికా సంపాదకులైన ప్రతాపరెడ్డిగారే దాని కధ్యక్షత వహించిరి. తెలంగాణమున కవులు లేరను మాట వినబడినప్పుడు వారు వాగ్వాదమునకు దిగక, 354 మంది కవులను చేర్చి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఇవి విలేఖరుల సంఘములు కావు. కాని ప్రాంతీయ సంఘమేల పుట్టునో ఇవి తెలుపుచున్నవి. అది అహంకారమునుండి పుట్టదు, కనబడకుండుటనుండి పుట్టును. దూరముననున్న పెద్దసభకు మన పేరు తెలియనప్పుడు, మన పేర్ల పట్టికను మనమే వ్రాసికొనవలసియుండును.

ఈ నీతి మన దేశమునకు మాత్రమే పరిమితమైనది కాదు. అమెరికాలో 1975లో 44 మంది నల్లజాతి పాత్రికేయులు వాషింగ్టనున కూడి తమ జాతీయ సంఘమును స్థాపించుకొనిరి. భారతదేశము మొదలగు దక్షిణాసియా ప్రాంతములకు చెందిన పాత్రికేయులు 1994లో న్యూయార్కున తమకొక సంఘము నేర్పఱచుకొనిరి. తమవారికి వార్తాలయములలో చోటు చూపుట, తమ ప్రజలనుగూర్చిన వార్త సరిగా వచ్చునట్లు చూచుట, ఈ రెండును వారి ముఖ్యోద్దేశములు. మన తెలంగాణమునందును 2001లో తెలంగాణ జర్నలిస్టుల ఫోరం ఏర్పడి, తమ ప్రాంతపు మాటకు పత్రికలలో చోటు కావలెనని పట్టుపట్టెను. 2014లో రాష్ట్రము రెండైన పిదప సంఘములును రెండు రాష్ట్రములకు వేఱువేఱుగా నడచుచున్నవి. ప్రాంతము ద్వారము కావలెను గాని గోడ కారాదు. తెలుగునేలనుండి బయలుదేఱి దేశమంతటి పాత్రికేయులకు నాయకత్వము వహించిన చలపతిరావుగారి జీవితమే ఇందుకు నిదర్శనము.

ఇక నేటి స్థితికి వత్తము. 1955 నాటి శాసనపు నీడ అందఱిపైనను సమముగా పడలేదు. 1985లో ఆంధ్రప్రదేశమున తాలూకాలు పోయి మండలములేర్పడినవి. పత్రికలు జిల్లా సంచికలను ఆరంభించి, ప్రతి మండలమునకును ఒక విలేఖరిని పెట్టుకొనినవి. పల్లె వార్త పత్రికకెక్కుట గొప్ప మార్పే. తమ యూరి పేరు అచ్చులో చూచికొనిన పల్లెవాసి పత్రికను కొనుట నేర్చెను. కాని ఆ మార్పును మోసినవాని స్థితి యెట్టిది? పెక్కు చోట్ల అతనికి నియామకపత్రము లేదు. కంట్రిబ్యూటరు, స్ట్రింగరు అను పేర్లే గాని ఉద్యోగియను పేరు లేదు. నెలజీతము లేదు, అచ్చయిన వార్త కొలతను బట్టి యిచ్చు స్వల్పమే అతని సంపాదన. అది పెట్రోలు ఖర్చునకైనను చాలదు.

అంతటితో ముగియలేదు. పండుగకును, పత్రిక వార్షికోత్సవమునకును, నాయకుల పుట్టినరోజునకును ఇంత ప్రకటన తేవలెనని అతనిపై భారము మోపు యాజమాన్యములు కలవు. అతడెవరి నడుగును? మండలములో ప్రకటన ఇయ్యగలవారు కొలదిమందియే. రైసుమిల్లు యజమాని, ఎఱువుల వర్తకుడు, ప్రైవేటు పాఠశాల యధిపతి, కంట్రాక్టరు, రాజకీయ నాయకుడు. నిన్న ఎవరి ముంగిట చేయి చాచెనో, నేడు వారి తూకమును, వారి విత్తనముల నాణ్యమును, వారు వేసిన రోడ్డును అతడెట్లు విమర్శించును? విమర్శించెనా, ప్రకటన పోవును, దానితో పని పోవును. విమర్శింపలేదా, చదువరికి ద్రోహము. ఈ రెండింటి నడుమ నలిగిన మనుష్యుడు కొన్ని చోట్ల మూడవ దారిని పట్టుచున్నాడు. వ్రాయుటకు కాక, వ్రాయకుండుటకు డబ్బు పుచ్చుకొనుచున్నాడు. ఆ పాపము అతనిదే, సందేహము లేదు. కాని జీతమీయక కార్డు మాత్రమిచ్చి, దానిని చూపి బ్రదుకుమని పంపిన పద్ధతికి ఆ పాపములో భాగము లేదా?

ఇట్టి సమయమున పాత శాసనపు కప్పు తొలగిపోయినది. 1955 శాసనమును తనలో కలుపుకొన్న వృత్తిభద్రతా, ఆరోగ్య, పని పరిస్థితుల కోడ్ 2020లో పార్లమెంటు ఆమోదము పొంది, తక్కిన మూడు కార్మిక కోడ్‌లతోపాటు 2025 నవంబరు 21న అమలునకు వచ్చెను. ఇందు మేలు లేకపోలేదు. వర్కింగ్ జర్నలిస్టు నిర్వచనములోనికి ఎలక్ట్రానిక్, డిజిటల్ మాధ్యమములవారును వచ్చిరి. వేతనముల కోడ్ కనీస వేతనమును అన్ని పనులకును వర్తింపజేసెను. కాని పత్రికారచయితలకు ప్రత్యేకముగా బోర్డు వేసి, పత్రిక స్థాయిని బట్టి జీతముల మెట్లు నిర్ణయించు పూర్వపద్ధతి ఈ కోడ్‌లలో లేదు. కనీస వేతనము కడుపు నింపుటకు పెట్టిన కొలత. వృత్తిలో ఎదిగినవాని జీతమునకు అది కొలత కానేరదు. ఇకపై ఆ జీతమును బేరమాడి సాధించుకొనవలసినదే.

బేరమాడువారెవరు? పారిశ్రామిక సంబంధముల కోడ్ దీనికి లెక్క చెప్పుచున్నది. ఒక సంస్థలో ఒకటికి మించి యూనియన్లున్నప్పుడు, మస్టరు రోలులోనున్న పనివారిలో నూటికి 51 మంది మద్దతు గల యూనియనునకే యాజమాన్యముతో బేరమాడు ఏకైకాధికారము. అంత బలమెవరికిని లేనిచో, నూటికి 20 మందికి తగ్గని మద్దతు గల యూనియన్ల ప్రతినిధులతో ఒక మండలి ఏర్పడును. మస్టరు రోలు అను మాటను చదువరులు గమనింపవలయును. మండల విలేఖరి పేరు ఆ రోలులో నుండుట అరుదు. అనగా పత్రికకు వార్తలు మోయువారిలో అధికసంఖ్యాకులు లెక్కలోనికే రారు. లెక్కకు రానివాని పేరు లెక్కలోనికి తెచ్చుటయే నేడు పాత్రికేయ సంఘమునకు ప్రథమధర్మము. ఈ పని ఢిల్లీలోని సంఘము చేయజాలదు. ఏ మండలములో ఎవరు వ్రాయుచున్నారో, ఎన్నేండ్లుగా వ్రాయుచున్నారో, నియామకపత్రము కలదో లేదో తెలిసినది జిల్లాలోని సంఘమునకే. ప్రాంతీయ సంఘముయొక్క ఆవశ్యకత యిచ్చటనే కలదు.

మఱి మన సంఘములు ఈ పనినే చేయుచున్నవా? కొన్ని చేయుచున్నవి. దాడి జరిగినప్పుడు విలేఖరి పక్షమున నిలిచి, పోలీసుస్టేషనునకు పోయి, ఆసుపత్రిలో కనిపెట్టుకొనియుండిన సంఘ నాయకులు కలరు. మరణించిన విలేఖరి కుటుంబమునకు చందాలెత్తి తోడ్పడినవారు కలరు. వీరి సేవను తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. కాని పలు చోట్ల సంఘపు శక్తి సచివాలయముచుట్టు తిరుగుటలో వ్యయమగుచున్నది. కార్డుల సంఖ్య, కమిటీలో స్థానము, ఇంటిస్థలము, ఈ మూడే మహాజెండాలైనవి. మూడింటిని ఇచ్చునది ప్రభుత్వము. ఏ ప్రభుత్వమును విమర్శించుట తన వృత్తియో, ఆ ప్రభుత్వము గుమ్మముననే అర్జీ పట్టుకొని నిలుచుట విలేఖరికి శ్రేయస్కరమా?

ఈ విషయమున 2024 నవంబరు 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రతి సంఘ కార్యాలయమునను చదువదగినది. హైదరాబాదు మహానగర పరిధిలో పార్లమెంటు సభ్యులు, శాసనసభ్యులు, ఉన్నతాధికారులు, న్యాయమూర్తులు, పాత్రికేయులు మొదలగువారి గృహనిర్మాణ సంఘములకు రాయితీ ధరపై భూములిచ్చిన ప్రభుత్వోత్తరువులను న్యాయస్థానము రద్దుచేసెను. అట్టి కేటాయింపు రాజ్యాంగములోని సమానత్వ సూత్రమునకు విరుద్ధమనెను. ఆ పట్టికలో శాసనకర్త, పాలకుడు, న్యాయమూర్తి, పాత్రికేయుడు ఒకే వరుసలో నిలిచియుండుటను చూడుడు. మొదటి మువ్వురి పనిని కనిపెట్టియుండవలసిన నాలవవాడు వారితోడనే పంక్తిలో కూర్చుండెను.

ఇల్లు లేని విలేఖరి కష్టమును మేమెఱుగమని కాదు. చాలీచాలని జీతముతో నగరమున అద్దెలు కట్టుచు, పిల్లలను చదివించుచు, ఉద్యోగము చివర చేతిలో చిల్లిగవ్వ లేక నిలిచినవారు పెక్కుమంది. ఏండ్ల తరబడి ఆ భూములపై ఆశ పెట్టుకొని సొమ్ము చెల్లించినవారి దుఃఖము దుఃఖమే. కాని ఆ దుఃఖమునకు మూలమేది? జీతము సరిగా లేకపోవుట. జీతమును సాధింపవలసినచోట స్థలమును సాధింపబూనితిమి. జీతము హక్కు, స్థలము అనుగ్రహము. హక్కును కోర్టు నిలబెట్టెను, అనుగ్రహమును కోర్టు కొట్టివేసెను. 2014 తీర్పును, 2024 తీర్పును ప్రక్కప్రక్కన పెట్టి చదివినవారికి సంఘము నడువవలసిన త్రోవ యేదియో వేఱుగా చెప్పనక్కఱలేదు. పేదవాడైన విలేఖరికి ఇల్లు కావలసినచో, తక్కిన పేదలతోపాటు అదే వరుసలో, అదే నిబంధనల క్రింద అడుగనిండు. అప్పుడతని కలమునకు తలవంపు లేదు.

సంఘములకు మఱి రెండు రోగములు కలవు. ఒకటి చీలిక. ఒకే జిల్లాలో రెండు మూడు సంఘములు, ఒకే పేరునకు ఇరువురు హక్కుదారులు, ఒక్కొక్కదానివెనుక ఒక్కొక్క పార్టీ నీడ, కొన్నిచోట్ల కులపు నీడ. నూటికి 51 మంది కావలసిన కాలమున ఈ చీలిక ఆత్మహత్యాసదృశము. రెండవది దొంగకార్డు. ఏ పత్రికయు నడపకయే, ఏ వార్తయు వ్రాయకయే, ప్రెస్ అను రెండక్షరములను బండిపై వ్రాయించుకొని అధికారులను, వర్తకులను బెదిరించువారు సంఘముల చాటున చేరుచున్నారు. ఇట్టివాని నొక్కని ఉంచుకొనిన సంఘము నూర్గురు నిజాయితీపరుల పరువు తీయును. తమవానిని తాము వెలివేయలేని సంఘమునకు ఊరివారిని వేలెత్తి చూపు హక్కెక్కడిది?

అయినను ఈ రోగములను చూచి సంఘమునకు దూరముగా నుండుట వివేకము కాదు. చెఱువు పూడినదని నీరు మానుకొందుమా? పూడిక తీయుదుము. లోపలికి పోయినవాడే పూడిక తీయగలడు. కావున యువపాత్రికేయులకు మేము చెప్పునది యిది. చేరుడు. చేరునప్పుడు మాత్రము నాలుగు ప్రశ్నలడుగుడు. ఈ సంఘము జమాఖర్చులను ఏటేట సభ్యుల ముందుంచుచున్నదా? ఎన్నికలు గడువు ప్రకారము జరుగుచున్నవా? మండల విలేఖరికి డెస్కునందలి ఉద్యోగితో సమానముగా ఓటు కలదా? స్త్రీలకు కార్యవర్గమున చోటు కలదా, లేక మహిళాదినోత్సవమునాడు శాలువా మాత్రమేనా? ఈ నాల్గింటికిని ఔనని సమాధానము వచ్చినచో నిశ్చింతగా చందా కట్టుడు. కాదని వచ్చినను చందా కట్టి, ఔననిపించుటకు పోరాడుడు.

సంఘముల పెద్దలకును ఒక విన్నపము. మీ జిల్లాలోని విలేఖరులందఱి పేర్ల పట్టికను తయారుచేయుడు. ఎవరెన్ని యేండ్లుగా, ఏ పత్రికకు, ఏ ప్రతిఫలమునకు వ్రాయుచున్నారో అందు చేర్చుడు. అదియే మీ 354 మంది కవుల సంచిక. పట్టిక చేతనుండినచో కార్మికశాఖ ముందు, న్యాయస్థానము ముందు మాటకు బరువుండును. న్యాయసహాయ నిధి నేర్పఱచుడు. న్యాయసంహిత 356వ సెక్షను క్రింద పరువునష్టపు కేసు వచ్చినపుడు, మండల విలేఖరికి వకీలు ఫీజు ఒక సంవత్సరపు సంపాదనకు మించిపోవచ్చును. 2005 నాటి సమాచారహక్కు చట్టమును వాడుట, భూమి రికార్డులను చదువుట, కోర్టు వార్తను వ్రాయుట, మంచి తెలుగు వాక్యమును కూర్చుట, వీనిని నేర్పు తరగతులు నడపుడు. సంఘమునకు కావలసిన ధనమును మంత్రుల విరాళములనుండి కాక సభ్యుల చందాలనుండియే కూర్చుడు. చిన్న చందాతో నడచు చిన్న కార్యాలయము, దానముతో కట్టిన పెద్ద భవనముకంటె గౌరవప్రదమైనది.

చదువరులకును ఇందు భాగము కలదు. పత్రిక వెల దాని ఉత్పత్తి ఖర్చునకు చాలక, ఆ లోటును ప్రకటనలు పూరించుచున్నవి. మీరు చెల్లింపని ఆ మిగిలిన వెలను ప్రకటనదారుడు చెల్లించి, దానికి బదులుగా మౌనమును కొనుచున్నాడు. మంచి పత్రికకు తగిన వెల యిచ్చుటకు సంకోచింపకుడు. ఇంట వివాహమైనప్పుడు, సభ జరిగినప్పుడు, దుకాణము తెఱచినప్పుడు విలేఖరికి కవరిచ్చి పంపు అలవాటును మానుడు. అది మర్యాద కాదు, అతని ధరను మీరు నిర్ణయించుట. భూస్వాములకు వేఱుగా నొక మాట. మీకు వ్యతిరేకమైన వార్త వ్రాసిన విలేఖరిని ఊరిలో నిలువనీయమని పంతము పట్టకుడు. నేడు మీపై సత్యము వ్రాయ వెఱచినవాడు, రేపు మీ పొలము అన్యాయముగా పోవునాడు మీ పక్షమునను వ్రాయ వెఱచును.

హరిసర్వోత్తమరావుగారికాలమున విలేఖరిని అణచుటకు ప్రభుత్వమునకు చెఱసాల కావలసివచ్చెను. నేడంత శ్రమ అక్కఱలేదు. నియామకపత్రము లేని మనుష్యుని అణచుటకు ఒక ఫోను మాట చాలును. ఆ ఫోను మ్రోగినప్పుడు, మండలములో ఒంటరిగానున్న ఆ విలేఖరివెనుక జిల్లా అంతయు నిలుచునా, నిలువదా? సంఘముయొక్క విలువను కొలుచుటకు ఇంతకు మించిన కొలబద్ద లేదు. నిలుచు సంఘమును కట్టుకొనుడు, అందులో చేరుడు, దానిని చందాతోను శ్రమతోను పోషింపుడని తెలుగునేలలోని పాత్రికేయులనందఱిని మేము కోరుచున్నాము.